ఇసుక పట్టు వదిలితే వంతెన ఏమవుతుంది?

1964 జూన్ 16న జపాన్‌లోని నీగాటా నగరం పెద్ద భూకంపంతో ఊగిపోయింది. షినానో నదిపై షోవా వంతెన అంతకుముందు నెలలోనే పూర్తయింది. దాని గర్డర్లు అయిదు నదిలో పడిపోయాయి. అయితే అవి పడింది నేల జోరుగా ఊగుతున్నప్పుడు కాదనీ, ఆ ఊపు తగ్గాక ఓ నిమిషానికనీ చూసినవాళ్లు చెప్పారు. ఆ ఆలస్యంలోనే అసలు ప్రశ్న ఉంది.

వదులుగా పేరుకున్న ఇసుకలో రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని పైబరువు మోస్తాయి. నడుమ ఖాళీల్లో నీరుంటుంది. కుదుపుకి రేణువులు దగ్గరికి సర్దుకోబోతే, ఆ నీటికి తప్పుకునే వ్యవధి ఉండదు. దాని ఒత్తిడి పెరిగి, బరువంతా నీటిమీదే పడుతుంది. ఇసుక పట్టు వదిలి ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఇదే నేల ద్రవీకరణ.

ఏ ఇసుక ఇలా మారుతుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. బోరు అడుగున గొట్టం నిలిపి, 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తునుంచి పదేపదే వదులుతారు. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కిస్తారు. అదే ఎన్ విలువ. నీట నానిన ఇసుకలో అది పది లోపు ఉంటే జాగ్రత్త పడాల్సిందే. ఈ విలువను భూకంపం ఊపుతో పోల్చే పద్ధతిని 1971లో ఇంజినీర్లు సీడ్, ఇద్రిస్ అందించారు. ఇప్పటికీ అదే ఆధారం.

కష్టమంతా ఆ తర్వాతే. ఆ ఇసుకలో దిగి వంతెనను మోసే పునాది స్తంభానికి, అంటే పైల్‌కి, ఏమవుతుంది? షోవా పైళ్లు సుమారు 60 సెంటీమీటర్ల వ్యాసం, 25 మీటర్ల పొడవు ఉన్న ఉక్కు గొట్టాలు. పట్టు తప్పిన నేల నదివైపు జారుతూ వాటిని వంచేసిందని చాలాకాలం అనుకున్నారు. శుభమయ్ భట్టాచార్య తదితర పరిశోధకులు మరో వాదన తెచ్చారు: చుట్టూ ఇసుక ఆసరా పోగానే, సన్నని పొడవాటి పైల్ పైబరువుకే పక్కకు ఒరిగి వంగిపోగలదు. నేల మెత్తబడ్డాక వంతెన ఊగే లయ కూడా మారుతుందన్నది ఇంకో కోణం.

కారణం ఏదైతేనేం అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. నేల తోపుడే అసలు భయమైతే, మరింత బలమైన ఉక్కు కొంత ఆదుకుంటుంది. ఆసరా పోయి ఒరగడాన్ని మాత్రం అది ఆపలేదు, ఎందుకంటే బలం పెరిగినా ఉక్కు బిగువు మారదు. అక్కడ వ్యాసం పెంచాలి. ఎంత పెంచాలన్నది ఆసరా కోల్పోయే పొడవును బట్టి ఉంటుంది, ఆ పొడవేమో నదిలో చోటుచోటుకీ వేరు. నా దృష్టిలో వంతెన ప్రతి స్తంభం (పియర్) దగ్గరా బోరు వేసి చూడటం దుబారా కానే కాదు.