మంటలో ఇంజన్ నాడి

మెస్‌లో పప్పుచారు పొంగి బర్నర్ మీద పడితే నీలిమంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారడం మీరంతా చూసే ఉంటారు. అది ఉప్పులోని సోడియం పని. వేడికి పరమాణువులోని ఎలక్ట్రాన్లు పై స్థాయికి ఎగిరి, తిరిగి కిందికి దిగేటప్పుడు కాంతిని విడుస్తాయి. ఏ మూలకానికి ఆ మూలకం తనవైన రంగులే విడుస్తుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరులో ఉండి, సూర్యుని అంచున ఎగసే జ్వాలల్లో హైడ్రోజన్ ఉందని కాంతిని ఇలా విడదీసే కనుక్కున్నాడు.

రాకెట్ ఇంజన్ ఆరోగ్యాన్ని కూడా ఇదే పద్ధతిలో తెలుసుకోవచ్చు. అమెరికా స్పేస్ షటిల్ ప్రధాన ఇంజన్‌నే తీసుకోండి. (షటిల్ 2011లో ఆగిపోయినా, ఆ ఇంజన్లే 2022 నవంబరులో ఆర్టెమిస్-1ను పైకి లేపాయి.) అందులో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ సుమారు 3,300 డిగ్రీల సెల్సియస్ వద్ద మండుతాయి. హైడ్రోజన్‌ను తోసే పంపు నిమిషానికి దాదాపు 35 వేల చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో ఒక్క బేరింగు దెబ్బతిన్నా ఇంజన్ ముక్కలు కావచ్చు. పైన మనుషులున్నారు! లోపల ప్రతి మూలా సెన్సార్ పెట్టడం కుదరదు.

మరి అరిగిన లోహం ఎక్కడికి పోతుంది? వాయువుతోపాటు మంటలోకే. అక్కడ ఆవిరై మెరుస్తుంది. ఆ మెరుపును దూరం నుంచే కటకంతో పట్టి స్పెక్ట్రోమీటర్‌కు పంపుతారు. నాజిల్ దాటాక వాయువు మళ్ళీ వేడెక్కి వజ్రంలా వెలిగే చోటు ఒకటుంటుంది, గురి అక్కడికే. 1980ల చివరి నుంచి నాసా వారి స్టెనిస్, మార్షల్ కేంద్రాలు నేలమీది పరీక్షల్లో దీన్ని వాడి చూశాయి.

ఈ సంగతి మా అమ్మకు చెబితే "పొగ చూసి కట్టె పచ్చిదో ఎండుదో చెప్పినట్టేగా" అంది. నేను పీజీలో ఒక సెమిస్టరంతా చదివింది అదే! కాకపోతే ఇక్కడ కట్టె ఏ చెట్టుదో కూడా తెలుస్తుంది. 325 నానోమీటర్ల దగ్గర గీత కనిపిస్తే రాగి, అంటే దహనగది లోపలి గోడ కరుగుతోందని అనుమానించాలి. 352 దగ్గర నికెల్, 425 దగ్గర క్రోమియం కలిసి వస్తే పంపులు, టర్బైన్ల వైపు చూడాలి. వాటి పాళ్ళను బట్టి ఏ మిశ్రమలోహమో, దాన్నిబట్టి ఏ భాగమో అంచనా వేస్తారు. సోడియం గీతకు మాత్రం కంగారుపడరు. అది దుమ్ములోనూ ఉంటుంది.

హైడ్రోజన్ మంటకు దాదాపు రంగు ఉండదు కనుక సన్నని గీత కూడా తెలుస్తుంది. కిరోసిన్ ఇంజన్లలో మసి వెలుగే చాలావరకు కప్పేస్తుంది. పైగా అరగకుండా పగుళ్ళిచ్చే భాగం మంటలో ఏ జాడా వదలదు. అందుకే ఒత్తిడినీ కంపనాన్నీ కొలిచే సెన్సార్లను ఇంకా తీసేయలేదు.