మీకు తెలుసా? కట్టులో దాగిన కాసు

విజయవాడ మొదలుకొని బందరు వఱకుఁ గల కృష్ణా డెల్టా గ్రామములలో, అమ్మమ్మల భోషాణములనుండి యొక్కొకప్పుడు బయల్పడు, చుట్టును బంగారపుఁ గట్టు వేసి పైని వలయ మతికిన నాణెము చూపునకుఁ బతకమే యైనను, తఱచుగా నది గుఱ్ఱమెక్కి డ్రాగనును వధించు సెయింట్ జార్జి బొమ్మగల యాంగ్ల సవరను. తూకము సుమారు 7.99 గ్రాములు, మేలిమి 22 కారట్లు. సవరనన్న 8 గ్రాములని మనవారు లెక్కించుట దీనివలననే. 1918లో బొంబాయిలోను సవరనులు ముద్రింపఁబడెను. సంవత్సరపు టంకెలకుఁ బైనున్న నేలగీతపై ‘ఐ’ అను నాంగ్లాక్షర మున్నచో నది యచ్చటిదే. అదే యేఁట నచ్చటనే, అదే తూకమున, 15 రూపాయల మొహరీలును వెలువడినవి. వలయ మతికిన నాణెమునకు సేకర్తలు వెల తగ్గింతురు. ఇంటి యాఁడువారికి మాత్ర మా వలయమే ముఖ్యము, కాసులపేరునఁ గ్రుచ్చుటకు. కట్టును గరఁగింపక మునుపు భూతద్దముతో నా యక్షరమును వెదకుఁడు.