ఘాట్ దిగేముందు

శ్రీశైలం పోదామని పిల్లలతో సహా మా పాత పికప్ బండిలో బయలుదేరాం. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న అచ్చంపేటలో టీ కోసం ఆగి, బ్రేకు మీద కాలుంచి కూర్చున్నాను. పెడలు మెల్లమెల్లగా కిందికి దిగిపోతోంది! బానెట్ ఎత్తి చూస్తే బ్రేకు ఆయిల్ డబ్బా నిండుగానే ఉంది. కారడం లేదుగా, పోనిద్దామనుకున్నాను. అంత తెలివి నాది!

పక్క షెడ్డు మేస్త్రీ వదల్లేదు. "రెండు మూడుసార్లు గబగబ తొక్కుండ్రి సారూ" అన్నాడు. అలా తొక్కితే పెడలు పైకి లేచి గట్టిగా నిలిస్తే బ్రేకు షూలు అరిగి డ్రమ్ముకు ఎడమైనట్టట. స్పాంజిలా మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి చేరినట్టు. మాది రెండూ కాదు. తొక్కి పట్టుకుంటే దిగుతోంది, ఆయిలేమో తగ్గదు.

"మాస్టర్ సిలిండర్ల రబ్బరు కప్పు పోయింది. ఆయిల్ బయటికి కారది, లోపల్నే ఎన్కకు జారుకుంటది" అన్నాడు.

విప్పి చూపించాడు. కప్పు అంచు ఎలుక కొరికినట్టుంది. కొత్తది వేసి, పాత ఆయిలంతా పారబోసి, దూరపు చక్రంతో మొదలుపెట్టి గాలి తీశాడు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమ పీలుస్తుంది. కొత్త డాట్ 3 రకమైతే 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టిందంటే 140కే మరగవచ్చు. మరిగితే ఆవిరి పుడుతుంది, పెడలు ఉట్టిదవుతుంది. దోమలపెంట దాటాక కృష్ణ దాకా అన్నీ దిగుడు వంపులే మరి!

మూడు గంటల ఆలస్యానికి మా ఆవిడ సణుగుతూనే ఉంది. ఘాట్ మొదట్లోనే రెండో గేరు వేశాను. ఆనకట్ట కనిపించేదాకా ఆమె మళ్ళీ నోరు మెదపలేదు.