పోకచెక్క: ఇచ్చిన మాటకు గుర్తు

ముంబయిలో పెరిగిన తెలుగు విద్యార్థికి ‘సుపారీ’ అనగానే ముందుగా స్ఫురించేది కిరాయి హత్య. పత్రికలు, హిందీ సినిమాలు ఆ అర్థాన్ని అంతగా ప్రచారం చేశాయి. కాని ఆ సుపారీ, మన ఇళ్ళలో పేరంటాళ్ళకిచ్చే తాంబూలంలోని వక్క ఒకటే. పదం అంత దూరం ఎలా వెళ్ళిందో తెలియాలంటే ముందుగా ఆచారాన్ని చూడాలి.

నిజాం రాజ్యం నుంచి వచ్చి భవన నిర్మాణంలో కూలి చేసిన తెలుగు కామాఠీల వల్లనే కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది. బట్టల మిల్లులకు వచ్చిన పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి వంటి చోట్ల చాళ్ళలో స్థిరపడ్డారు. ఒకే వరండా వెంట తెలుగు, మరాఠీ కుటుంబాలుండే ఈ చాళ్ళలో రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి. వ్రతానికి మనం తమలపాకు మీద పసుపు ముద్దను గణపతిగా చేస్తాం. మరాఠీ ఇంట్లో పోకచెక్కనే గణపతిగా నిలుపుతారు. పూజలో పూగీఫలం అనేది దీన్నే. ఆకు త్వరగా వాడిపోతుంది; ఎండిన పోక చాలాకాలం చెడదు. నిలిచి ఉండవలసిన మాటకు గుర్తుగా అది తగినదే.

పెళ్ళి నిశ్చయమైతే మనం ‘తాంబూలాలు పుచ్చుకున్నాం’ అంటాం. మరాఠీలో ‘సుపారీ ఫుటలీ’ అంటారు, అంటే పోకచెక్క పగిలిందని. సాహసకార్యానికి పూనుకోవడం ‘విడా ఉచలణే’, అనగా తాంబూలం ఎత్తడం. 1659లో శివాజీని పట్టి తెస్తానని అఫ్జల్‌ఖాన్ బీజాపూర్ దర్బారులో విడా ఎత్తాడని మరాఠీ సంప్రదాయ కథనం. తమాషా బృందానికో, బ్యాండు మేళానికో ఇచ్చే బయానా కూడా సుపారీయే. ఒప్పుకున్న పని చేసి తీరాలన్న ఈ అర్థాన్నే నేరప్రపంచం తీసుకుంది.

తెలుగులో రెండు క్రియలను ఇక్కడ గమనించాలి. మర్యాదగా అందుకుంటే తాంబూలం ‘పుచ్చుకోవడం’, నమిలితే ‘వేసుకోవడం’. ఆచారానికి మొదటిది చాలు. ఈ తేడా నేడు మరింత అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా గుర్తించింది. మహారాష్ట్ర ప్రభుత్వం 2012లో గుట్కాను నిషేధించింది. పేరంటంలో ఇచ్చిన తాంబూలాన్ని రెండు చేతులా పుచ్చుకోండి. వక్కను నమలకపోయినా ఇచ్చినవారి మర్యాదకు లోటు రాదు.