వానొస్తే ఎర్రబడే పిట్ట

మండువేసవిలో చెరువు కట్ట దిగువన, తుంగలో తిరిగే మట్టిరంగు పిట్టను చూసి ఎవరూ ఆగరు. బొటనవేలంత ఒళ్లు, తోకతో కలిపి పది సెంటీమీటర్లు, బరువు పది గ్రాముల లోపు. అదే పిట్ట ఆగస్టుకల్లా పండుమిరప రంగు తిరిగి, రెక్కల మీదా పక్కల మీదా తెల్లటి చుక్కలతో కనబడుతుంది. ఎర్ర జినువాయి అంటే ఇదే. హిందీవాళ్లు లాల్ మునియా అంటారు, పక్షిశాస్త్రంలో అమండవా అమండవా. పాకిస్తాన్ నుంచి జావా దాకా గడ్డి, తేమ కలిసి ఉన్న చోటల్లా బతుకుతుంది. మన దగ్గర చెరువు గట్లు, చెరకు తోటలు, రెల్లు దుబ్బులు దీని స్థావరాలు.

ఎర్రబడేది మగదే. ఆడది ఏడాది పొడవునా గోధుమరంగే, నడుము కింద మాత్రం కాస్త ఎరుపు. మరి మగదానికి వానాకాలంలోనే ఈ వేషం ఎందుకు?

పిచ్చుకలూ గోరింకలూ వానలకు ముందే, ఎండాకాలంలోనే గూళ్లు పెట్టడం మొదలెడతాయి. వాటి పిల్లలు పెరిగేది పురుగుల మీద. జినువాయి గింజల మీద బతికే జాతి. ఉసుళ్లు లేచిన రోజున వాటినీ వదలదు గానీ, దాని అసలు సరుకు గడ్డిగింజే. ఎండు గింజ మేలో కూడా నేల మీద దొరుకుతుంది, పెద్ద పిట్టకు అది చాలు. కళ్లు తెరవని పిల్లకు అంత గట్టిది పనికిరాదు. పాలు పోసుకున్న గింజ కావాలి. తొలకరికి మొలిచిన ఊద, ఇతర గడ్డి జాతులు కంకి వేసేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. గూటిని దాచే ఎత్తైన పచ్చగడ్డి ఉండేదీ అప్పుడే. ఈ పిట్ట పంచాంగం మొత్తం గడ్డి రాసిందే.

వాన ఎప్పుడొస్తుందో మనకే తెలియదు, పిట్టకు ఎలా తెలుస్తుంది? ముక్కు చూస్తే జవాబు కొంత దొరుకుతుంది. ఏప్రిల్లో ముక్కు నల్లగా ఉంటుంది. మేలో ఎర్రబడటం మొదలవుతుంది, నవంబరు, డిసెంబరుల్లో మళ్లీ ముదురుతుంది. అంటే ఒక్క చినుకూ పడకముందే ఒళ్లు సిద్ధపడుతోందన్నమాట. ఆ మార్పు పగటి నిడివితో ముడిపడి ఉంది. వాన ముందు వెనకలవుతుంది, పగలు పెరగడం తరగడం మాత్రం ఏ ఏడాదీ తప్పదు. గూడు కట్టడం మాత్రం గడ్డి ఎదిగాకే.

ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది? తిండి నుంచే, కానీ నేరుగా కాదు. గింజల్లో పసుపురంగు కెరోటినాయిడ్లు ఉంటాయి. పక్షులు వాటిని సొంతంగా తయారు చేసుకోలేవు, తిని తెచ్చుకోవాల్సిందే. తిన్న పసుపును ఎరుపుగా మార్చే ఎంజైము కొన్ని పక్షుల్లో ఉంది. దాని జన్యువును 2016లో రెండు పరిశోధక బృందాలు కెనరీ పక్షుల్లోనూ, ఆస్ట్రేలియా జీబ్రా ఫించ్‌లోనూ పట్టుకున్నాయి. జీబ్రా ఫించ్ మన జినువాయికి దగ్గరి చుట్టమే.

ఇక్కడో తిరకాసు ఉంది. ముక్కు ప్రాణమున్న భాగం, అందులో రంగు ఎక్కుతుంది, దిగుతుంది. ఈక అలా కాదు. పెరగడం పూర్తయ్యాక అది మన గోరు కొసలాంటిది, లోపలి నుంచి కొత్త రంగు ఎక్కదు. అందుకే మగ జినువాయి ఏటా ఎర్ర ఈకలు వేసుకుని, మళ్లీ రాల్చుకుని మట్టిరంగువి తొడుక్కోవాలి. దీని చుట్టాల్లో దాదాపు అన్నింటి మగపక్షులూ ఏడాదంతా ఒకే రంగులో ఉంటాయి, ఇలా వేషం మార్చే అలవాటు ఆ కుటుంబంలో బహు అరుదు. ఎండుగడ్డిలో ఎర్రటి చుక్క డేగ కంట పడటం ఖాయం కాబట్టి, జత కట్టని కాలంలో రంగు దాచుకోవడమే లాభమని నాకు సబబుగా తోస్తుంది.

జత కట్టే తంతు చూడముచ్చటగా ఉంటుంది. మగది గడ్డిపరకో ఈకో ముక్కున కరుచుకుని, ఆడదాని పక్కన వంగి లేచి వంగి లేచి పాడుతుంది. గూడు గడ్డితో అల్లిన బంతి, పక్కన చిన్న ద్వారం, లోపల మెత్తటి ఈకల పరుపు. గుడ్లు నాలుగు నుంచి ఆరు, తెల్లనివి. పిల్లలు ఆకలేస్తే ఇతర పిట్టపిల్లల్లా మెడ నిక్కించవు. తల కిందికి దించి, మెడ మెలితిప్పి నోరు తెరుస్తాయి. ఆ నోటి లోపల ముదురు మచ్చలుంటాయి. గూటి మసక వెలుతురులో తల్లికి గురి అవే. అది తన ముక్కును పిల్ల నోట్లో పెట్టి, మేతసంచిలోని గింజల్ని పైకి తెచ్చి కుక్కుతుంది.

జత కట్టని రోజుల్లో ఇవి గుంపులుగా తిరుగుతాయి. కొమ్మ మీద వాలాక ఒళ్లూ ఒళ్లూ ఆనించి వరసగా కూర్చుని, పక్కదాని మెడ ఈకలు దువ్వుతాయి. జాన్ స్పార్క్స్ అనే శాస్త్రజ్ఞుడు 1964లో ముఖ్యంగా ఈ అలవాట్ల మీద పరిశోధనపత్రం ప్రచురించాడు.

ఈ కలుపుగోలుతనమే దాని కొంప ముంచింది. గుంపుగా వలలో పడుతుంది, గింజలు వేస్తే పంజరంలో బతికేస్తుంది. అహ్మదాబాదు నుంచి వచ్చిన ఈ పిట్టల్ని ఒక్కో పంజరంలో యాభై చొప్పున ఉంచితే బృందగానంలా పాడతాయని ఇంగ్లిష్ వైద్యుడు జాన్ ఫ్రయర్ 1670ల్లోనే రాశాడు. అప్పటి నుంచి ఓడలెక్కి దేశదేశాలకు పోయింది. తప్పించుకున్నవి ఫిజీ, ఈజిప్టు, స్పెయిన్‌లలో స్థిరపడ్డాయి. స్పెయిన్‌లో మన రుతుపవనాలు లేవు. అయినా అక్కడి పక్షులు చాలావరకు వసంతంలో గూళ్లు పెడితే, ఇది వేసవి చివర మొదలుపెట్టి శరత్తు దాకా సాగదీస్తుంది.

పంజరంలో దీనికి ఇంకో గతి పడుతుంది. ఎండ, సరైన మేత లేక కొన్ని పిట్టలు నల్లబడిపోతాయని పెంపకందార్లకు ఏనాటి నుంచో తెలుసు. మన దేశంలో అడవి పిట్టల్ని పట్టడం, అమ్మడం, కొనడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అయినా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. మామూలు జినువాయిలకు రంగు పూసి అంటగట్టేవాళ్లూ ఉన్నారు. ఏప్రిల్లో ఎవరైనా ఒళ్లంతా ఎర్రగా ఉన్న పిట్టను చూపించి అడవి నుంచి నిన్ననే తెచ్చామంటే, అది రంగుడబ్బా మహిమేమోనని అనుమానించాలి.