వ్రతభంగం చేయని ఔషధం

గడచిన కార్తికమాసంలో మా రాజంపేటలో నా పూర్వశిష్యుడొకడు అయ్యప్పమాల ధరించబోతూ ఆశీస్సుల కోసం వచ్చాడు. హెపటైటిస్-బి వల్ల కాలేయం పూర్తిగా చెడిపోగా, దాత ఇచ్చిన కాలేయంతో పునర్జన్మ పొందినవాడు. "గురువుగారూ, ఒళ్లు కుదుటపడింది. దీక్ష 41 రోజులూ మాత్రలు మానేస్తాను. స్వామియే చూసుకుంటాడు" అన్నాడు. నా గుండె ఝల్లుమన్నది.

భక్తులు ఈ విషయం గ్రహించాలి. కాలేయం మార్చినంత మాత్రాన ఆ వైరస్ దేహాన్ని విడిచిపోదు. రక్తంలోనూ, ఇతర కణాలలోనూ మిగిలి ఉండి కొత్త కాలేయాన్ని ఆశ్రయిస్తుంది. నివారణోపాయాలు లేని రోజులలో అధిక సంఖ్యాకులకు వ్యాధి తిరగబెట్టేది. నేడు శస్త్రచికిత్స సమయం నుండే హెపటైటిస్-బి ఇమ్యునోగ్లోబులిన్ అనే రక్షక ఇంజెక్షను ఇస్తారు. దానితోపాటు ఎంటెకవిర్, టెనోఫోవిర్ వంటి మాత్రలు నిత్యం వాడిస్తారు. అందువల్ల తిరగబెట్టడం అరుదైంది. ఇంజెక్షను ఎంతకాలమన్నది వైద్యుడు నిర్ణయిస్తాడు. మాత్రలు మాత్రం సాధారణంగా జీవితాంతం వాడవలసినవే. మానితే నిద్రాణమైన వైరస్ మేల్కొంటుంది. కొత్త కాలేయాన్ని దేహం తిరస్కరించకుండా ఇచ్చే మందులకూ ఇదే నియమం.

మన పెద్దలు లేనిది లభించడాన్ని యోగమన్నారు, లభించినదాన్ని కాపాడుకోవడాన్ని క్షేమమన్నారు. దాత వల్ల యోగం సిద్ధించింది. క్షేమం మన చేతిలో ఉన్నది.

ఇక వ్రతం మాట. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, విప్రుని కోరిక, గురువు మాట, ఔషధం అనే ఈ ఎనిమిదీ వ్రతభంగం చేయవని ధర్మశాస్త్రం. "ఔషధం శాస్త్రసమ్మతం, నా మాటా శాస్త్రసమ్మతమే. మాత్ర మానకు" అన్నాను. అతడు వాడే ఎంటెకవిర్ భోజనానికి రెండు గంటల ఎడంతో ఖాళీ కడుపున వేసుకోవలసినదే గనుక, భిక్షానియమానికీ అడ్డు రాలేదు. ఇరుముడితో పాటు ప్రయాణానికి చాలినన్ని మాత్రలూ తీసుకొని శబరిమల వెళ్లివచ్చాడు.

మరొక్క మాట. ఈ వ్యాధి సహపంక్తి భోజనం వల్ల గాని, తీర్థప్రసాదాల వల్ల గాని అంటదు. రోగిని దూరం పెట్టకండి. రక్తం ద్వారా అంటుతుంది గనుక తలనీలాలు సమర్పించేటప్పుడు కొత్త బ్లేడు అడగండి. రోగి కుటుంబీకులు రక్తపరీక్ష చేయించుకొని, అవసరమైనవారు టీకా తీసుకోవాలి. శిశువుకు పుట్టిన 24 గంటలలోపే తొలి టీకా వేయించాలి. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే ఈ టీకాను మన దేశంలో తయారుచేసి అందుబాటులోకి తెచ్చింది.

భగవంతుడు దాత రూపంలో ఇచ్చిన ప్రాణాన్ని నిర్లక్ష్యంతో జారవిడువకుండుటయే ఆ దాతకు మనం చేసే నిత్యార్చన. శుభం భూయాత్.