ఎనిమిది కళల భేదము – గ్రహగతిని మానవుడు గ్రహించిన విధము

మన యిండ్లలో పంచాంగము లేని యిల్లు అరుదు. తరతరములుగా ఒడిశాలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో నేటికిని ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరుగుచునే యున్నది. ఒడియా ధారాళముగా చదువుచు తెలుగు అక్షరములను కూడబలుకుకొను పిల్లలు సైతము తిథి, వారము, నక్షత్రము అను మాటల నెరుగుదురు. క్రోధినామ సంవత్సరమున మా విద్యార్థి యొకడు ఇంటి పంచాంగమును తరగతికి తెచ్చి, ‘కుజుడు వక్రము’ అని యున్నచోట వ్రేలుంచి, “మాస్టారూ, గ్రహం నిజంగా వెనక్కి నడుస్తుందా?” అని యడిగెను. ఆనాడు తరగతిలో నున్నవారు తొమ్మిదిమంది. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో బదులు చెప్పవచ్చును: నడవదు, నడచినట్లు కనబడును. కాని కనబడుటకును నడచుటకును గల భేదమును తేల్చుటకు పండితులకు వందలకొలది యేండ్లు పట్టెను. ఆ కథను మన మాటలలో చెప్పుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

ముందుగా కంటికి కనబడునది చెప్పుదును. గ్రహములు సాధారణముగా నక్షత్రముల నడుమ పడమటినుండి తూర్పునకు కదలును. కుజుడు 2024 డిసెంబరు మొదటి వారమున కర్కాటకరాశిలో నిలిచినట్లయి, పిదప పడమటివైపునకు మరలి, జనవరిలో పునర్వసు తారలకు చేరువగా మిథునములోనికి వచ్చి, 2025 ఫిబ్రవరి చివరి వారమున మరల నిలిచి తూర్పుదారి పట్టెను. మా పిల్లలు వారమున కొకసారి ఆ యెఱ్ఱని చుక్క స్థానమును కాగితముపై గుర్తించిరి. గుర్తులను కలుపగా ఉచ్చువంటి వంపు ఏర్పడెను. కుజునకు ఇట్టి వక్రగతి సుమారు 780 దినముల కొకసారి కలుగును. దీనికి కారణ మేమి?

ఆకాశమున జరుగు చలనము వృత్తాకారముగను, సమవేగముతోను ఉండవలెనని గ్రీకుల నిశ్చయము. క్రీ.శ. 150 ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరమున టాలెమీ, భూమిని నడుమ నుంచి, పెద్ద వృత్తముపై చిన్న వృత్తమొకటి కదలుచుండ ఆ చిన్న వృత్తపు అంచున గ్రహము తిరుగుచున్నదని లెక్క కట్టెను. మన దేశమున 499 నాటి ఆర్యభటీయము మందము, శీఘ్రము అను రెండు సంస్కారములను చెప్పెను. గ్రహవేగము ఒకచోట హెచ్చి యొకచోట తగ్గుటను మందము, వక్రగతిని శీఘ్రము లెక్కకు దెచ్చును. కుజ గురు శనులకు శీఘ్రోచ్చము సూర్యునితో సమానముగా తిరుగునని మన సిద్ధాంతములు చెప్పును. అనగా ఈ గ్రహముల గణితమునందు సూర్యుడు మొదటినుండియు దాగియే యున్నాడు. కేరళమున నీలకంఠ సోమయాజి 1500 ప్రాంతమున తంత్రసంగ్రహమును రచించి బుధ శుక్రుల గణితమును సవరించెను. ఐదు గ్రహములును సూర్యుని చుట్టును తిరుగునని ఆయన తన ఆర్యభటీయ భాష్యమున వివరించెను.

1543లో పోలెండు దేశీయుడగు కోపర్నికసు గ్రంథము వెలువడెను. సూర్యుడు నడుమ నుండగా భూమియు తక్కిన గ్రహములవలెనే తిరుగునని ఆయన మతము. ఇట్లు భావించినంతనే వక్రగతి చిక్కు విడిపోయెను. ఒకే వైపునకు పోవు రెండు రైళ్లలో వేగముగా పోవుదానియందు మనము కూర్చుండి, నెమ్మదిగా పోవుదానిని దాటునపుడు, అది వెనుకకు పోవుచున్నట్లు తోచును. భూమి సూర్యుని 365 దినములలో చుట్టివచ్చును. కుజునకు 687 దినములు పట్టును. భూమి కుజుని దాటిపోవు దినములే వక్రదినములు. అయినను కోపర్నికసు వృత్తములను విడువలేదు. అందుచేత ఆయన లెక్కలు ఆకాశముతో పూర్తిగా సరిపోలేదు.

ఎంత సరిపోలేదో తెలియవలెనన్న ఆకాశమును కచ్చితముగా కొలిచినవారు కావలెను. ఆ పని డెన్మార్కు దేశీయుడగు టైకో బ్రాహి చేసెను. 1576 మొదలు వెన్ అను ద్వీపమున గొప్ప వేధశాలను నిర్మించి, ఇరువది యేండ్లు గ్రహస్థానములను కొలిచి వ్రాసి యుంచెను. దూరదర్శిని యింకను లేదు. వట్టి కంటితో, పెద్ద పెద్ద యంత్రములతో ఆయన చేసిన కొలతలలో తప్పు రెండు కళలకు మించుట అరుదు. ఒక డిగ్రీలో అరువదవ భాగము కళ. పూర్ణచంద్రబింబపు వెడల్పు సుమారు 30 కళలనిన ఆ సూక్ష్మత యెట్టిదో పాఠకులు ఊహింపగలరు.

ఆ కొలతలకు అర్థము చెప్పినవాడు జర్మను దేశీయుడగు జొహానెసు కెప్లరు. 1571లో బీదకుటుంబమున పుట్టెను. చిన్ననాట మశూచికము సోకి చూపు మందగించెను. 1594లో గ్రాట్స్ పట్టణమున గణితోపాధ్యాయుడయ్యెను. మొదటి యేట ఆయన పాఠమునకు వచ్చినవారు కొలదిమంది. రెండవ యేట ఒక్కరును రాలేదు. మతభేదముచేత 1600లో ఆ యూరు విడువవలసివచ్చి, ప్రాగు నగరమున టైకోకు సహాయకుడయ్యెను. మరుసటి యేట టైకో మరణించెను. కుజుని కొలతలన్నియు కెప్లరు చేతికి వచ్చెను.

కెప్లరు మొదట వృత్తమునే నమ్మెను. డెబ్బదిసారులు లెక్క తిరిగి కట్టి, కుజుని దిక్కును రెండు కళల లోపల చెప్పగల పద్ధతిని సాధించెను. కాని దానిప్రకారము కుజుని దూరములు తప్పుగా వచ్చెను. దూరములు సరిచేయగా దిక్కు కొన్నిచోట్ల ఎనిమిది కళలు తప్పెను. చంద్రబింబములో నాల్గవ వంతుకు ఇంచుక మించిన భేదము! టాలెమీ కాలపు కొలతలైనచో అది లెక్కలోనికి రాదు. ఎవరును తప్పుపట్టి యుండరు. కాని టైకో అంత పొరబడడని కెప్లరు ఎరుగును. కావున తన సిద్ధాంతమునే విడిచెను. ఏండ్ల శ్రమ వృథాయయ్యెను. ఆ ఎనిమిది కళలే జ్యోతిశ్శాస్త్రమంతటి సంస్కరణకును దారి చూపెనని తరువాత ఆయనయే వ్రాసికొనెను.

పిదప ఆయన అవలంబించిన ఉపాయము భూమి కొలుచువారి ఉపాయమువంటిది. 687 దినముల కొకసారి కుజుడు తన దారిలో తొల్లింటి చోటికే వచ్చును. భూమి మాత్రము వేరొక చోట నుండును. అట్టి రెండు దినముల కొలతలను జతచేసిన, ఏటి కవతలి చెట్టును రెండు చోట్లనుండి చూచి దూరము కట్టినట్లు, కుజుని దూరము తెలియును. ఇట్లు చోటువెంట చోటు గుర్తించి చూడగా కుజుని దారి వృత్తమునకు లోపలగా ఒత్తబడియుండెను. మొదట గ్రుడ్డువంటి ఆకారమని భ్రమపడి, తుదకు 1605లో అది దీర్ఘవృత్తమని కనుగొనెను.

దీర్ఘవృత్తమును తరగతిలో గీయుట సులభము. బల్లపై రెండు మేకులు కొట్టి, వానిచుట్టు వదులుగా దారపు ముడివేసి, సుద్దముక్కతో దారమును బిగించి త్రిప్పిన చాలును. మేకులున్న చోట్లు నాభులు. ఒక నాభియందు సూర్యుడుండును, రెండవది శూన్యము. కుజుని దారిని ఒక మీటరు వ్యాసముతో గీచినచో నిలువునకును అడ్డమునకును భేదము నాలుగు మిల్లీమీటర్లకు ఇంచుక మించును. సుద్దగీత మందములో ఆ భేదము దాగిపోవును. కెప్లరు దానిని దాగనీయలేదు.

1609లో ఆయన ప్రకటించిన సూత్రములు రెండు. గ్రహము దీర్ఘవృత్తమున తిరుగును, సూర్యుడు ఒక నాభియందుండును. సూర్యునినుండి గ్రహమునకు గీచిన రేఖ సమాన కాలములలో సమాన క్షేత్రఫలములను కడచును. అనగా సూర్యునకు దగ్గరనైనపుడు గ్రహము వేగముగను, దూరమైనపుడు మెల్లగను పోవును. మన పెద్దలు మందసంస్కారముతో పట్టిన వేగభేదమునకు కారణ మిదియే. మూడవ సూత్రము 1619లో వెలువడెను: పరిభ్రమణకాలపు వర్గము దూరపు ఘనమునకు అనుపాతముగా నుండును. భూమి దూరమును ఒకటిగా కొన్నచో గురుని దూరము 5.2, దాని ఘనము సుమారు 140.6, గురుని కాలము 11.86 సంవత్సరములు, దాని వర్గము సుమారు 140.7.

1631 నవంబరు 7న బుధుడు సూర్యబింబమునకు అడ్డముగా పోవునని కెప్లరు గణించెను. ఆయన 1630లోనే మరణించెను. పారిస్ నగరమున గసెండీ అను పండితుడు చెప్పిన దినముననే ఆ నల్లని చుక్కను చూచెను. గ్రహము లిట్లేల తిరుగవలెనను ప్రశ్నకు 1687లో న్యూటను గురుత్వాకర్షణముతో బదులు చెప్పెను.

మన వాకిట జరిగిన సంగతి యొకటి యిచ్చట స్మరింపదగును. ఒడిశాలోని ఖండపడాయందు సామంత చంద్రశేఖరుడు, 1835లో పుట్టి 1904లో గతించిన మహనీయుడు, వెదురుతోను కొయ్యతోను చేసికొన్న పరికరములతో ఆకాశమును కొలిచెను. ప్రాచీన గ్రంథముల లెక్క తన కంటితో సరిపోలనందున సవరణలు చేసి సిద్ధాంతదర్పణమును సంస్కృతమున రచించెను. అది 1899లో అచ్చయ్యెను. గ్రహములు సూర్యుని చుట్టును, సూర్యుడు భూమి చుట్టును తిరుగునని ఆయన నిర్ణయము. టైకో మతమును అదియే. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటగా విశాఖపట్టణమున అంకితం వెంకట నరసింగరావు దూరదర్శినితో పరిశీలించెను. లెక్క కంటితో సరిపోవలెననుటనే మనవారు దృగ్గణితైక్యమందురు. 1431లో కేరళ పరమేశ్వరుడు దృగ్గణితమను పేర గ్రంథమే రచించెను. పూర్వపద్ధతి పంచాంగమునకును దృగ్గణిత పంచాంగమునకును పండుగల తేదీలు వేరైనపుడు మన సమాజములలో వివాదములు చెలరేగుట అందరు నెరిగినదే. ఆ వివాదమునకు మూలమందున్న ప్రశ్నయు, కెప్లరు ఎదుర్కొన్న ప్రశ్నయు ఒక్కటే: లెక్కయు చూపును వేరైనపుడు దేనిని దిద్దవలెను?

కథ అచ్చట ముగియలేదు. బుధుని దారిలో సూర్యునకు అతిసమీపముగా వచ్చు చోటు మెల్లగా జరుగుచుండును. అది న్యూటను లెక్కకు మించి నూరేండ్లకు 43 వికళలు జరుగుచున్నది. కళలో అరువదవ భాగము వికళ. లవెర్యే అను ఫ్రెంచి పండితుడు ఈ మిగులును 1859లో బయటపెట్టెను. దానికి సమాధానము 1915లో ఐన్‌స్టైను క్రొత్త సిద్ధాంతమునుండి లభించెను. ఎనిమిది కళలు వృత్తమును తొలగించెను. 43 వికళలు న్యూటనును దాటించెను.

మా పాఠశాలలో ఏటేట పిల్లలు తగ్గుచున్నారు. తెలుగున శాస్త్రము నేర్చి ఫలమేమని తలిదండ్రులు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నా బదులు ఇంతమాత్రమే: వక్రము, మందోచ్చము, కళ, వికళ అను మాటలు ఆ బాలుని యింటి పంచాంగములోనే యున్నవి. వాని నాధారముగా చేసికొని తొమ్మిదిమందియు ఒక్క వారములో కెప్లరు సూత్రములను గ్రహించిరి. అడిగిన బాలుడు దారమును తానే పట్టి బల్లపై దీర్ఘవృత్తమును గీచి, దారము జారినచోట తుడిచి, మరల గీచెను.